మామగారి దవడపన్ను, అల్లుడి నియమం

మామగారి దవడపన్ను రాత్రంతా ఇంట్లో ఎవరినీ కన్ను మూయనివ్వలేదు. తెల్లవారేసరికి ఏం చెయ్యాలో తేలిపోయింది: అల్లుడు కంప్యూటర్లో డెంటిస్టు అపాయింట్‌మెంట్ తీసుకుంటాడు, ఆఫీసుకు వెళ్తూ మామగారిని అక్కడ దింపుతాడు, దాంతో పీడ విరగడవుతుంది.

అయితే అల్లుడికి ఒక నియమం ఉంది. ఏ వెబ్‌సైటు తెరిచినా అది జావాస్క్రిప్ట్ అనే భాషలో రాసిన ప్రోగ్రామును వెంటబెట్టుకొచ్చి మన కంప్యూటర్లో నడిపిస్తుంది. చదువుకుని, కావాలంటే మార్చుకునే స్వేచ్ఛ ఇవ్వని ప్రోగ్రాము తన ఇంట్లో నడవడానికి వీల్లేదని అతని పట్టుదల. పెళ్ళయిన కొత్తలోనే భార్యకు ఇదంతా వివరించాడు. ఆమె మాటవరసకు ఔనంది. ఆ ఔను పుణ్యమా అని ఇంట్లో బ్రౌజర్లన్నిటికీ ఒక కాపలా ప్రోగ్రాము వచ్చి కూర్చుంది. ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు అనే స్వేచ్ఛా లైసెన్సు రాసి ఉన్న ప్రోగ్రామును అది లోపలికి పోనిస్తుంది, మిగతావాటిని గుమ్మంలోనే ఆపేస్తుంది.

డెంటిస్టు సైట్లో అపాయింట్‌మెంట్ బటన్ ఎంత నొక్కినా కదల్లేదు.

మామగారు చెంప పట్టుకుని వెనకే నిలబడ్డారు. ఆ కాపలాను కాసేపు తీసేయమని భార్య బతిమాలింది. అల్లుడికి పౌరుషం పొడుచుకొచ్చింది. పేజీ లోపలి సరుకంతా తిరగేసి, ఆ బటన్ క్లినిక్కుకు ఏం పంపుతుందో కనిపెట్టి, అదే పంపే చిన్న ప్రోగ్రాము సొంతంగా రాశాడు. నడిపితే తెల్లటి పేజీ వచ్చింది. ఆ టైము దొరకలేదనుకుని తర్వాతిది ప్రయత్నించాడు. మళ్ళీ తెలుపే. పట్టు వదలకుండా, సైట్లో ఆ రోజు సాయంత్రం దాకా చూపిస్తున్న టైములన్నీ వరసగా ప్రయత్నించాడు. అపాయింట్‌మెంట్ ఖాయమైందని తెర మీద చూపించేది కూడా కాపలా ఆపేసిన ఆ జావాస్క్రిప్టేనని అతనికి తట్టలేదు.

ఇక లాభం లేదని భార్య ఫోన్ చేసింది. ఎవరో పెద్దమనిషి ఒక్కడే రోజంతా పట్టేశాడని, ఇవాళ ఖాళీ లేదని రిసెప్షనిస్టు చెప్పింది.

"వాడి నోట్లో ఎన్ని పళ్ళున్నాయమ్మా?" అన్నారు మామగారు. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

అది చూసి అల్లుడి ప్రాణం ఉసూరుమంది. ఇలాంటి స్వార్థపరుల వల్లే లోకం తగలడిపోతోందని తిట్టుకుని, డాక్టరు కాళ్ళావేళ్ళా పడైనా సరే చూపిస్తానని, ఆఫీసుకు సెలవు పెట్టి కారు తీశాడు.

క్లినిక్కులో కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. రిసెప్షనిస్టు పేరడిగింది. మామగారు చెప్పగానే లేచి నిలబడి, మర్యాదగా లోపలికి తీసుకెళ్ళింది. అక్కడ డెంటిస్టు నోరంతా ఖాళీ చేయడానికి సరిపడా సరంజామా పేర్చుకుని ఎదురు చూస్తున్నాడు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఈయన పేరే ఉందని చెప్పాడు. మామగారు ఆ ట్రే వంక చూసి, తర్వాత అల్లుడి వంక చూశారు.

"నాది ఒక్కటే డాక్టరుగారూ," అన్నారు. "మిగతావి మా అల్లుడుగారివి."

పన్ను బయటపడ్డాక అల్లుడు తల వంచుకుని జరిగిందంతా చెప్పి, మిగతా టైములు రద్దు చేయమన్నాడు. తన వల్ల కాదన్నాడు డెంటిస్టు. ఆ సైటు చేసినవాడు పత్తా లేడు. వాడు రాసిపెట్టిన ప్రోగ్రాము ఎవరికీ కొరుకుడు పడదు, మార్చే హక్కూ లేదు.

"సొంత క్లినిక్కులో అద్దెకున్నట్టుందండీ," అన్నాడు.

ఇన్నేళ్ళకి తన బాధ తెలిసిన మనిషి దొరికేసరికి అల్లుడికి కళ్ళు చెమర్చాయి. ఎవరైనా చదవగల, మార్చుకోగల కొత్త సైటు తానే ఊరికే చేసిపెడతానన్నాడు. మామగారిని ఇంట్లో దింపి వచ్చి, రోజంతా డెంటిస్టు పక్కనే కూర్చుని రాశాడు. డెంటిస్టుకి ఎలాగూ వేరే పేషెంట్లు లేరు.

సాయంత్రం ఇంటికొచ్చి, పన్ను పీకిన చోట పుండు చూపించుకోవడానికి మరో అపాయింట్‌మెంట్ తీసుకోమని కొత్త సైటు తెరిచి మామగారి ముందు పెట్టాడు. ఆయన బటన్ నొక్కారు. అది కదల్లేదు. అల్లుడు నొక్కినా కదల్లేదు. హడావిడిలో తన ప్రోగ్రాముకు స్వేచ్ఛా లైసెన్సు రాయడం మరిచిపోయాడు, కాపలా ప్రోగ్రాము తన పని తాను చేసింది.

మామగారు పక్క గదిలోకి వెళ్ళి క్లినిక్కుకు ఫోన్ చేసి, ఒక్కటే చాలని రెండుసార్లు చెప్పారు.