మా బోరులో యురేనియం పడింది!

యురేనియం లేని నీళ్లు తాగేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్ల నీళ్లలో ఏముంటుంది? కాస్త ఫ్లోరైడు, కాస్త ఇనుము, వానాకాలంలో కాస్త బురద. అవీ ఒక నీళ్లేనా!

మాది బెంగళూరు పక్కన హూడి. నూటపన్నెండు ఫ్లాట్లకు ఒకే బోరు. ఆరువందల అడుగుల దగ్గర నీళ్లు పడలేదు, వెయ్యి దగ్గరా పడలేదు. మేం వదుల్తామా? పద్నాలుగు వందల దాకా దింపాం. గ్రానైటు రాయి పొట్టలోంచి నీళ్లతో పాటు ఇదీ వచ్చింది. లీటరుకు ముప్పై మైక్రోగ్రాములు దాటకూడదట. మాకు తొంభై! నా చదువు మొత్తంలో ఏ పరీక్షలోనూ నాకు తొంభై రాలేదు. ల్యాబ్ రిపోర్టు చేతికొచ్చిన పూట కాస్త గర్వపడ్డాను కూడా.

ఇంతకీ నేనెవరో చెప్పలేదు కదూ? పేరు అచ్యుత్. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, బ్రూక్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకుంటున్నాను. ఇరవై ఏళ్లుగా నా డిగ్రీని పలకరించిన మనిషి లేడు. యురేనియం బయటపడిన రోజు మాత్రం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు గ్రూపంతా నా మీద పడింది. సాయంత్రానికి నన్ను వాటర్ కమిటీ కన్వీనర్‌ని చేసేశారు. ఇది వరం కాక మరేమిటండీ?

పైగా ఎంత మర్యాద గల పదార్థమో! రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. చీకట్లో మెరుస్తుందేమోనని గ్లాసు పట్టుకుని బాత్రూంలో లైటార్పుకుని పావుగంట నిలబడ్డాను. మెరవలేదు. కాస్త నిరాశపడిన మాట నిజమే. రేడియేషన్ సంగతి తరవాత, అది ముందు పట్టుకునేది కిడ్నీలను. అదీ చడీచప్పుడు లేకుండా, ఏళ్ల తరబడి. మా బిల్డర్ వేయించిన వాటర్‌ప్రూఫింగ్ రెండు వానలకే కారింది. యురేనియం సగానికి తగ్గాలంటేనే నాలుగువందల యాభై కోట్ల ఏళ్లు పడుతుంది! ఇంత మన్నికైన వస్తువు మా అపార్ట్‌మెంట్‌లో ఇంకొకటి చూపించండి.

"కాచి తాగితే పోదా అండీ?" అని మూడో అంతస్తు గీతాంజలిగారు అడిగారు. కెమిస్ట్రీని కాచి వడపోసినవాణ్ణి, నవ్వేశాను. కాస్తే నీళ్లు ఆవిరైపోతాయి, యురేనియం గిన్నెలోనే కదలకుండా కూర్చుంటుంది. ఇంకా చిక్కబడుతుంది. వడపోసినా అంతే. రాళ్లలోని కార్బొనేటు చెయ్యి పట్టుకుని అది నీళ్లలో పూర్తిగా కరిగిపోయి ఉంటుంది. ఉప్పునీళ్లను గుడ్డలో వడగడితే ఉప్పు పోతుందా? మా ఇళ్లకు ఆర్‌ఓ మెషీనే దిక్కని తేల్చాను.

అందరూ వంటింట్లో తలా ఒకటి బిగించుకున్నారు. నాలుగు లీటర్లు పోస్తే ఒక లీటరు మంచినీళ్లు ఇస్తుంది, మిగతా మూడు లీటర్లు బయటికి నెట్టేస్తుంది. ట్యాంకర్ల కోసం కొట్టుకు చచ్చే బెంగళూరులో మూడు లీటర్లు మోరీపాలా? అక్కడే నా ప్రతిభ బయటపడింది! నూటపన్నెండు వంటిళ్ల నుంచీ సన్నటి పైపులు దింపి, గేటు పక్కన ఒక ట్యాంకులో కలిపి, దానికో కుళాయి పెట్టించాను. ఆ నీళ్లతో కార్లు కడుక్కోవచ్చు, మెట్లు తుడుచుకోవచ్చు. కుళాయి పైన స్టీలు బోర్డు. ఇంగ్లీషులో "నాన్ పోటబుల్ వాటర్", అంటే తాగే నీళ్లు కావు, అని ఒక లైను, "డిజైన్: అచ్యుత్, ఎమ్మెస్సీ" అని రెండో లైను. రెండో లైను అక్షరాలు కొంచెం పెద్దవిగా పడ్డాయి. అందులో నా తప్పేం లేదు.

రిబ్బను కత్తిరించి ఇంటికి రాగానే మా ఆవిడ వరూధిని అడిగింది. "మన గ్లాసులోంచి తీసేసిన యురేనియం ఏమైంది?"

"పోయింది."

"ఎక్కడికి?"

ఎమ్మెస్సీ చదివినవాణ్ణి అడగాల్సిన ప్రశ్నేనా ఇది! నాలుగు లీటర్లలోదంతా మూడు లీటర్లలో సర్దుకుంటే, లీటరుకు తొంభై కాస్తా నూట ఇరవై అవుతుంది. ఐదో క్లాసు లెక్క. ఆ లెక్క నేను వెయ్యలేదు. కాఫీ పెట్టమన్నాను.

మూడు నెలలు హాయిగా గడిచాయి. పోయిన నెల ఒక సోమవారం మా ఇంట్లో పనిచేసే మల్లమ్మ అంట్లు తోముతూ, "మీకు శానా పుణ్యం వస్తాది అప్పా," అంది.

"దేనికి మల్లమ్మా?"

"గేటు కాడ కొళాయి పెట్టిస్తిరి కదా. మా వీధికి ట్యాంకరు వారానికొకతూరి గూడా సరిగా రాదు. దినామూ రెండు బిందెలు ఆడనే పట్టకపోతావుండా. ఇంట్లో అందురమూ అవే తాగేది. మా మనవరాలికి ఆర్నెల్లు, దానికి పాలపొడి కలిపేది గూడా ఆ నీళ్లతోనే."

"బోర్డు ఉంది కదా అక్కడ!"

"ఉండాది కదా. దానం చేసినోళ్ల పేర్లంట. మీ పేరు గూడా ఉండాదని వాచ్‌మన్ కదిరప్ప చెప్పినాడు."

"అవి మంచి నీళ్లు కావు. తాగొద్దు. ఈరోజు నుంచీ ముట్టుకోవద్దు."

ఆమె చేతిలో గిన్నె ఆగింది. "మంచివి గాకపోతే కొళాయి యాలప్పా పెట్టిస్తిరి?"

"కార్లు కడగడానికి," అన్నాను.

ఆమె గిన్నె కడిగి బోర్లించింది. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ప్రస్తుతానికి బాగానే ఉందన్నారు. ఆ "ప్రస్తుతానికి" అన్న మాట నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు.

ఊరికే కూర్చున్నానా? అత్యవసర సమావేశం పెట్టించాను. బోర్డు మీద కన్నడం, తెలుగు కూడా రాయించాలని ఏకగ్రీవంగా తీర్మానమైంది. నా పేరు తీసెయ్యండని బతిమాలాను. డిజైన్ మీదే కదా సార్ అని పట్టుబట్టి, దాన్నీ మూడు భాషల్లో చెక్కించారు. మల్లమ్మకు రోజూ రెండు బిందెలు మా వంటింటి నీళ్లే ఇస్తున్నాం. మెషీను గంటల తరబడి గురగురలాడుతూనే ఉంటుంది. పుణ్యం చప్పుడు అలాగే ఉంటుందని నేననుకున్నాను.

"ఆవిడకు రెండు బిందెలంటే, కిందికి ఆరు బిందెలు," అంది వరూధిని. ఈ మనిషికి లెక్కలు ఎవరు నేర్పారో!

నిన్న మా రెండో అంతస్తు బాల్కనీలోంచి చూస్తే, కదిరప్ప ఆ కుళాయి కిందే బాటిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కదిరప్పా, బోర్డు చదవలేదా?" అని అరిచాను.

"చదివినా సార్," అన్నాడు తలెత్తి. "పన్నెండు గంటలు డ్యూటీ. గేటు కాడ ఇంగో కొళాయి యాడుండాది?"

కమిటీలో పెడతానని చెప్పి లోపలికొచ్చాను. మెషీను కింద ఒక గ్లాసు మంచినీళ్లు పట్టుకుని తాగాను.