కొక్కిరాయి కాలు కొలిచిన ఏరు

ఒక పెద్ద అడవిలో, జంతువులు నీళ్లు తాగీ, అధికారులు అర్జీలు మేసీ బతికే కాలంలో, ఒక చిన్న ఏరు పారుతుండేది.

ఆ ఏటి దిగువన, మద్దిచెట్టు వేళ్ల కింది మడుగులో తుంపరమ్మ అనే నీటికుక్క కాపురం. దానికి పసికూనలు మూడు. మడుగులో నీరుంటేనే చేపలు, చేపలుంటేనే కూనలు.

ఎగువన వరహాలరాజు అనే అడవిపంది గట్టును ఆనుకొని కంకర గుంత తవ్వాడు. గుంత లోతయ్యేకొద్దీ ఏటినీరు ఇసుకలోంచి ఊరి అందులోకే చేరింది. తుంపరమ్మ మెడదాకా ఉండే మడుగు పొట్టదాకా దిగింది.

తుంపరమ్మ వనసభలో మొరపెట్టుకుంది. అధ్యక్షుడైన ముసలి ఏనుగు రెండు చెవులూ విప్పి, ఏమీ వినకుండా, నిబంధన చదివాడు: "ఏటినుండి తీసిన నీటికి బదులు నీరు ఏటిలో పోయవలెను."

"మహాభాగ్యం! పోస్తానండీ," అన్నాడు వరహాలరాజు. "గుంతనిండా నీళ్లే కదా!"

"అది ఏటినీరే కదయ్యా! నా నోటి చేప లాక్కుని నాకే విందు చేస్తానంటావేం?" అంది తుంపరమ్మ.

"తప్పమ్మా," అని మందలించాడు ఏనుగు. "ఏరు వేరు, గుంత వేరు. దస్త్రాలు కూడా వేరే."

నీటిని కొలిచే పదవి పొడుగుకాళ్ల కొంగ కొక్కిరాయి దొరది. ఆ అడవిలో కొలమానం ఆయన ఎడమకాలే. మోకాలు మునిగితే ఏరు సాధారణం. తొడ మునిగితే నిండు. నిలబడే చోటు కూడా తాతల నాడు నిర్ణయించినదే, రేవు పక్కన ఒకే ఒక్క చోటు.

వరహాలరాజు సరిగ్గా అక్కడే ముట్టెతో గొయ్యి తీసి, గుంతనీరు తెచ్చి నింపాడు.

కొక్కిరాయి కళ్లు మూసుకుని దిగాడు. "తొడ మునిగినది. ఏరు నిండుగా పారుచున్నది."

"దొరా, ఒక్క అడుగు పక్కకు వేసి చూడండి!" అని వేడుకుంది తుంపరమ్మ.

"నాది కొలిచే ఉద్యోగం. నడిచే ఉద్యోగం కాదు."

ధ్రువపత్రం వెలువడింది. వరహాలరాజు రెట్టింపు ఉత్సాహంతో తవ్వాడు. మడుగు బురదయింది. కూనలు రెండు రోజులుగా పస్తు. మరో ఏటికి తరలిపోదామంటే వాటికి అంత నడక లేదు. దిక్కుతోచని తుంపరమ్మ ఆ ధ్రువపత్రం నకలు తెప్పించుకుని అక్షరం అక్షరం చదివింది. తిన్నగా రేవుకు పోయింది.

రేవు కాపలా ఉడుముది. పట్టిన నిబంధనను వదలడం ఆ వంశంలో లేదు.

"ఉడుమన్నా, ఏరు నిండుగా ఉంటే ఎవరినైనా దాటనిస్తావా?"

"చచ్చినా దాటనివ్వను చెల్లీ. రేవు మూసెయ్యాలి."

"అయితే ఇది చదువు."

ఉడుము చదివాడు. ముళ్లకంప అడ్డం వేశాడు.

మరునాడు కంకర మోసే దున్నలతో వరహాలరాజు వచ్చాడు. కంకర కావలసినవాళ్లంతా అవతలి గట్టునే ఉన్నారు.

"కంప తియ్యరా!"

"ఏరు నిండుగా ఉందండి. మునిగిపోతారు."

"నీ కళ్లు కాకులు పొడవా! దుమ్ము లేస్తుంటే నీళ్లెక్కడివి?"

"దుమ్ము నాకూ కనబడుతోందండి. కాగితంలో కనబడటం లేదు. ఏట్లో నీరు లేదని రాసి ముట్టెముద్ర వేయండి, ఇప్పుడే తీసేస్తా."

వరహాలరాజు దున్నలను వెనక్కి మళ్లించాడు. రాస్తే గుంత మూయించేస్తారు. రాయకపోతే కంకర కదలదు. రేపోమాపో రేవు తెరుస్తారన్న ఆశతో తవ్వకం మాత్రం ఆపలేదు. గుంత అంచున కంకర కొండలా పెరిగింది. ఆరో రోజున ఆ బరువుకు గట్టు విరిగి, తవ్విన కంకరంతా తిరిగి గుంతలోకే జారింది. గుంతనీరు పొర్లి ఏట్లో పడింది.

సాయంత్రానికి మడుగులో కూనలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని మునకలు వేస్తున్నాయి. తుంపరమ్మ చేపకు వెళ్లింది.

కనుక పెద్దలు గ్రహించవలసినది: ఏటిని కాగితం మీద నింపుకున్నవాడు, దాటే పడవను కూడా కాగితంతోనే చేయించుకోవలెను.