గుమ్మం లోపల ఒకటో నెంబరు

ఆ రోజు పొద్దున ర్యాంకులాయన వేసుకున్న ప్రణాళిక చిన్నదే. పళ్ళు తోముకోవడం, టీ కాచుకోవడం, పెళ్ళాం ఉన్న ఊరికి ఒకసారి వెళ్ళి రావడం, స్నానం చేసి ఆఫీసుకు పోవడం. పెళ్ళాం ఉన్న ఊరు రైల్లో ఏడు గంటల దూరం. ఆయన మాత్రం టీ చల్లారేలోగా వెళ్ళొచ్చేవాడు.

అందులో మాయేమీ లేదు, అది ఆయన వృత్తి. జనం ఫోన్లో వెతికినప్పుడు ఏ షాపు ముందొస్తుందో, ఏది వెనకబడుతుందో చూసి చెప్పే ఆఫీసులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఆ పనిలో ఒక తిరకాసుంది. సెర్చ్ ఇంజన్ మొహం చూసి బొట్టు పెట్టే రకం. అడిగినవాడు ఎక్కడ నిలబడ్డాడో చూసుకుని మరీ జవాబు చెబుతుంది. ఈ ఊళ్ళో కూర్చుని పై ఊరి షాపు వరస చూడటమంటే, పక్కింటి పెళ్ళిని మన పెరటి గోడ మీంచి చూడటమే. వంటవాడు కనిపిస్తాడు గాని పెళ్ళికొడుకు కనిపించడు. అందుకని ఏ ఊరి వరస కావాలో ఆ ఊళ్ళో ఒక ప్రాక్సీని పెట్టుకుంటారు. అంటే అక్కడి ఇంటర్నెట్‌కి తగిలించిన దొంగ కిటికీ. ఇక్కడివాడు అందులోంచి తొంగిచూస్తే, వీడెవడో ఇక్కడే పుట్టి పెరిగినవాడనుకుని సెర్చ్ ఇంజన్ ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది.

ఆయన పెళ్ళాన్ని ఆ ఊళ్ళో మిషనమ్మ అంటారు. కుట్టు మిషన్లు బాగుచేస్తుంది. షాపు ఆమె మేనమామది. ఆయనకు చూపు మందగించి, సూదికి బదులు వేలికి దారం ఎక్కించే రోజులొచ్చాయి. "నెల రోజులు చూసిపెట్టవే అమ్మాయ్" అంటే వెళ్ళింది. ఆ నెల పదకొండు నెలలైంది. వెళ్ళిన మొదటి వారంలోనే ఆమె గొంతు మారిందని ర్యాంకులాయన పసిగట్టాడు. చేతికి నూనె అంటిన మనిషి గొంతది. అంత సంతోషంగా ఆమె మాట్లాడగా ఆయన విని చాలా కాలమైంది.

"ఏడాది గడువు పెట్టుకుందామండీ," అందామె అప్పుడు. "ఈలోగా మన షాపు ఈ ఊళ్ళో వరసగా ఏడు రోజులు ఒకటో నెంబరులో నిలబడితే, మీరు ఉద్యోగం మానేసి ఇటొచ్చేయండి. నిలబడకపోతే నేనే షట్టరు దించి అటొచ్చేస్తా. నెంబరు చూసేది మీరే. మీ పనేగా."

"నేను అబద్ధం చెబితే?"

"మీకా? అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి మీకు."

"ఫోన్లో చెవులు కనబడవుగా."

"వినబడతాయి."

ఆ ఊరు చిన్నది. అద్దెకు దొరికే ప్రాక్సీలేవీ అక్కడ లేవు. దగ్గర్లోని పెద్ద ఊరి కిటికీలోంచి చూస్తే షాపు ముప్ఫయ్యో నలభయ్యో నెంబరులో నక్కి ఉండేది. పది నెలలు అలా చూసి చూసి విసుగెత్తి, చివరికి తానే అరచేతంత ప్రాక్సీ బాక్సు ఒకటి తయారుచేసి పోస్టులో పంపాడు. అందగానే ఆమె ఫోను చేసి, "ఎక్కడ పెట్టమంటారండీ దీన్ని?" అనడిగింది.

పద్ధతి ప్రకారమైతే గిరాకీ ఎక్కడినుంచి వస్తుందో అక్కడ పెట్టించాలి. కుట్టుపని జనం తిరిగే మిల్లు గేటు దగ్గర, బట్టల మార్కెట్లో, ఎవరినైనా బతిమాలి వాళ్ళింట్లో పెట్టించాలి. ఆ సంగతి ర్యాంకులాయనకు తెలియక కాదు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేది ఆయనే. కాని ఆ పూట ఆయన నోట వేరే మాట వచ్చింది.

"నీ బల్ల మీదే పెట్టు. నూనె డబ్బా పక్కన."

మర్నాడు పొద్దున 'దగ్గర్లో కుట్టు మిషన్లు బాగుచేసే షాపు' అని వెతికితే షాపు ఒకటో నెంబరులో ఉంది! పది నెలలుగా తాను రాసిన వివరాలు, ఎక్కించిన ఫోటోలు ఒక్కసారే పండాయనుకున్నాడు. ఆ కిటికీలోంచి నెంబరుతో పాటు ఆమె వీధి ప్రకటనలు, ఆమె ఊరి వాతావరణం కూడా కనిపించేవి. అక్కడ చినుకులని ఉంటే, ఇక్కడ మండుటెండలో గొడుగేసుకుని ఆఫీసుకు వెళ్ళేవాడు.

"వానెక్కడ మాస్టారూ?" అని వాచ్‌మన్ ఆకాశం వంక చూస్తే, "మా ఇంట్లో" అని లోపలికి పోయేవాడు.

సాయంత్రం ఆమె "ఎన్నో నెంబరు?" అనడిగినప్పుడల్లా "చెప్తాలే, ఏం తొందర" అని దాటేసేవాడు. ఏడో రోజు నెంబరు చూసుకుని, ఎకాయెకిన గుమ్మంలో ప్రత్యక్షమై చెప్పాలని ఆయన సరదా. అలా దాటేసినప్పుడల్లా చెవులు ఎర్రబడేవి.

ఇదిగో, ఈ పొద్దున ఏడో రోజు. టీ గ్లాసు పక్కన పెట్టి వెతికాడు. ఒకటో నెంబరు. గ్లాసు అలాగే వదిలేసి, స్నానం సంగతి కూడా మరిచి ఆఫీసుకు పరుగెత్తాడు.

యజమాని రాజీనామా కాగితం రెండుసార్లు చదివాడు. "ఒకటో నెంబరా? ఎవరు చూశారు?"

"నేనే సార్."

"ఎక్కణ్ణుంచి?"

"ఆ ఊళ్ళోంచే సార్. సొంత ప్రాక్సీ."

"ఊళ్ళో ఎక్కణ్ణుంచయ్యా?"

"సార్, ఇంటి ఓనరమ్మ బయటికెళ్ళిపోతుంది, ఆవిణ్ణి పట్టుకోవాలి," అంటూ ర్యాంకులాయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

ఓనరమ్మకు ఆ పోర్షన్ కోసం డ్రమ్ములు నేర్పే మాస్టారొకాయన ఆర్నెల్లుగా ప్రదక్షిణాలు చేస్తున్నాడు. ఖాళీ చేస్తాననగానే సాయంత్రానికి నాలుగు డ్రమ్ములతో దిగిపోయాడు. "ఈ మంచం కూడా ఉండనిస్తారా?" అనడిగాడు. ఉండనిచ్చాడు. గ్యాసు పొయ్యి, బీరువా, దానిమీద ఉన్న ఆమె పాత అద్దం కూడా ఉండనిచ్చాడు. తన వంతుకు ఒక పెట్టె, ఒక గొడుగు మిగిలాయి.

మర్నాడు బయల్దేరే ముందు, అలవాటు కొద్దీ ఆ కిటికీ తెరవబోయాడు. తెరుచుకోలేదు. బాక్సు పలకడం లేదు. "కరెంటు పోయినట్టుంది పాపం, ఉక్కపోతలో ఏం అవస్థ పడుతోందో," అనుకుంటూ రైలెక్కాడు.

మూడున్నర గంటలు గడిచాక, ఇక ఆగలేక ఫోను చేశాడు.

"ఏం చేస్తున్నావ్?"

"ఏముంది, షాపులో ఉన్నా." ఆమె గొంతు ఊగుతోంది.

"ఏమిటా చప్పుడు?"

"మిషను. బెల్టు వదులైంది, తొక్కి చూస్తున్నా. మీ దగ్గరేంటి ఆ మోత?"

"ఆఫీసులో ఏసీ. పాతదైపోయింది."

"దడదడలాడుతోంది కదండీ! కాస్త దూరంగా కూర్చోండి."

"నువ్వూ నెమ్మదిగా తొక్కు. కాళ్ళు నొప్పెడతాయి."

అంతలో పక్క పట్టాల మీద ఎదురు రైలొకటి కూత వేసుకుంటూ దూసుకొచ్చింది. ఆ కూత కిటికీలోంచీ వినిపించింది, ఫోన్లోంచీ వినిపించింది. "మా షాపు పక్కనే పట్టాలండీ" అని ఆమె అరిచింది. "మా ఆఫీసు పక్కన కూడా" అని ఈయన అరిచాడు. పదకొండేళ్ళుగా ఆ ఆఫీసు పక్కనున్నది పాల డిపో. పెట్టెల వెనక పెట్టెలు, కిటికీల వెనక కిటికీలు, ఒక్క మొహమూ ఆనకుండా జర్రున జారిపోయాయి. ఇద్దరికీ ఒకేసారి సిగ్నల్ పోయింది. ర్యాంకులాయన ఫోను జేబులో పెట్టుకుని, ఏమీ తోచక, ఎదురు రైలు పోయినవైపు కాసేపు చూశాడు. రైలు పోయినాక మిగిలే ఖాళీ ఆయనకెప్పుడూ గిట్టేది కాదు.

మధ్యాహ్నానికి షాపు ముందు దిగాడు. షట్టరు మూడు వంతులు దించి ఉంది. దానిమీద ఆమె చేతిరాత: 'బాగుకు ఇచ్చిన మిషన్లు పక్క తాళాల షాపులో తీసుకోగలరు.' ర్యాంకులాయన గుండె జారి పెట్టెలో పడింది. వంగి లోపలికి దూరితే, మేనమామ ఒక మిషను చక్రం తిప్పుతూ చెవి ఆనించి వింటున్నాడు.

"ఎవర్రా?"

"నేను మావయ్యా."

"అల్లుడూ! నువ్విక్కడున్నావా? మరి అది నీ దగ్గరికని పొద్దున్నే రైలెక్కిందేంట్రా?"

ర్యాంకులాయన పెట్టె మీద చతికిలబడ్డాడు. "ఎందుకెక్కింది?"

"ఎందుకంటే ఏం చెప్పను? నెంబరెంతని అడిగితే వారం రోజులుగా నువ్వు నీళ్ళు నములుతున్నావట. మా ఆయన నసిగాడంటే లాభం లేనట్టే అంది. తనే ఫోను పట్టుకుని ఊరంతా తిరిగింది. మిల్లు గేటు దగ్గర పంతొమ్మిది వచ్చిందట. స్టేషను దగ్గర ఇరవయ్యేడు."

"అబద్ధం! వారం రోజులుగా ఒకటో నెంబరు మావయ్యా! నేను ఈ ఊళ్ళోంచే చూశాను."

"ఊళ్ళో ఎక్కణ్ణుంచి చూశావు?"

నిన్న యజమాని అడిగిన ప్రశ్నే. ఈసారి పారిపోవడానికి మెట్లు లేవు. ర్యాంకులాయన బల్ల వంక చూశాడు. నూనె డబ్బా పక్కన, తీగ పీకేసిన బాక్సు.

"ఈ బల్ల మీంచి," అన్నాడు సన్నగా.

మేనమామ చక్రం తిప్పడం ఆపాడు. "షాపులో కూర్చుని, దగ్గర్లో షాపేదని అడిగావా? అద్దం ముందు నిలబడి ఊళ్ళో అందగాడెవరని అడిగినట్టుంది నీ యవ్వారం! నీకు జీతమిచ్చేవాడెవడ్రా?"

"నిన్నటిదాకా ఇచ్చారు."

"పోనీలే. అయినా పదకొండేళ్ళ అనుభవం కదా, గేటు దగ్గర పెట్టించాలని తోచలేదూ?"

"తోచింది మావయ్యా. గేటు దగ్గర ఆమె ఉండదు కదా."

మేనమామ ఇక తిట్టలేదు. కండువాతో కళ్ళజోడు తుడుచుకున్నాడు. చూపు లేని కళ్ళకు అది ఎందుకో ఆయనకే తెలియాలి. "అది మాత్రం తక్కువ తిన్నదా? గడువు ఇంకా మూడు వారాలుంది, ఆగవే అంటే, ఓడిపోయే ఆట ఆఖరిదాకా ఆడటమెందుకు మావయ్యా అంది. ఆగలేకపోయిందంతే. నెంబరు ఒక సాకు."

అప్పుడే ఫోను మోగింది. అవతలి నుంచి మాటకంటే ముందు డ్రమ్ముల మోత వచ్చింది.

"ఏమండీ! మన ఇంట్లో ఎవరో ఉన్నారండీ! మన మంచం మీద కూర్చుని డ్రమ్ములు వాయిస్తున్నాడు! మధ్యమధ్యలో నా అద్దంలో చూసి మీసం దువ్వుకుంటున్నాడు!"

"డ్రమ్ముల మాస్టారు. మంచివాడే. ఇల్లు ఇచ్చేశాను."

"ఇచ్చేశారా! మరి మీరెక్కడున్నారు?"

"నీ బల్ల దగ్గర."

కాసేపు డ్రమ్ములు ఒక్కటే మాట్లాడాయి. తర్వాత ఆమె మెల్లగా, "ఆ ఏసీ రైలేనా?" అంది.

"నీ మిషనూ రైలేనా?"

"ఎదురుగా వచ్చింది మీరేనన్నమాట! చెయ్యి ఊపాలనిపించిందండీ నాకు. పిచ్చిదాన్ననుకుంటారని మానేశా."

ర్యాంకులాయన పెట్టె మీంచి లేచాడు. "నువ్వక్కడే ఉండు, నేనొస్తున్నా," అన్నాడు. సరిగ్గా అదే క్షణంలో ఆమె కూడా "మీరక్కడే ఉండండి, నేనొస్తున్నా," అంది. మేనమామ ఫోను లాక్కున్నాడు.

"ఇద్దరూ కదిలారంటే మళ్ళీ దారిలో దాటిపోతారు, వెర్రి మొహాల్లారా! అమ్మాయ్, అక్కడ నీకు మంచమన్నా లేదు. ఈ పూటకి ఓనరమ్మ దగ్గర ఉండి, రేపు పొద్దున రైలుకి రా. వీణ్ణి నేను మిషనుకి కట్టేస్తా."

మర్నాడు యజమాని ఫోను చేశాడు. "ఊళ్ళో ఎక్కణ్ణుంచి చూశావయ్యా, చెప్పకుండా పోయావు?"

ర్యాంకులాయన చెప్పాడు. అవతల కాగితం చిరిగిన చప్పుడైంది.

"రాజీనామా చించేశాను. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో మనకి ఒక్క కిటికీ లేదు. అక్కడే ఉండి పెట్టించు. బల్లల మీద మాత్రం వద్దు."

రైలు రావడానికి రెండు గంటల ముందే ర్యాంకులాయన స్టేషనులో ఉన్నాడు, ఎండలో గొడుగుతో. ఆమె దిగింది. పదకొండు నెలల్లో కాస్త చిక్కింది, గోళ్ళ కింద నూనె నలుపు చేరింది. ఇద్దరూ ఆయన ఫోను వంక చూశారు.

"ఇక్కడ ఎన్నో నెంబరు?" అంది.

"ఇరవయ్యేడు."

"చెవులు ఎర్రబడలేదు. నిజమే. అంటే ఓడిపోయింది నేనే. నేను మీ ఇంటికి రావాలి."

"వచ్చావుగా. డ్రమ్ములు విని వెళ్ళిపోయావు."

ఆమె నవ్వి, సంచీ ఒక చెవి ఆయనకిచ్చింది. రెండో చెవి తన దగ్గరే ఉంచుకుంది. మిల్లు గేటు దగ్గర ఆగి చూశారు, పంతొమ్మిది. బట్టల మార్కెట్లో ఎనిమిది. "పరవాలేదండీ, పుంజుకుంటోంది," అందామె గంభీరంగా. వీధి మొదట్లో మూడు. అక్కడ సన్నగా చినుకులు మొదలయ్యాయి. గొడుగు విప్పాల్సి వచ్చింది. తాళాల షాపాయన వాళ్ళని చూసి, అప్పజెప్పిన మిషన్లు ఒక్కొక్కటే బయట పెట్టడం మొదలెట్టాడు. మేనమామ షట్టరు పూర్తిగా ఎత్తి, బాక్సు తీగ మళ్ళీ తగిలించి, చెవి రిక్కించి అడుగుల చప్పుడు వింటున్నాడు.

గుమ్మం లోపల ఎన్నో నెంబరో చూడటానికి మాత్రం ఆ పూట ఎవరి చేతులూ ఖాళీగా లేవు.