వీధిలోకొచ్చిన వరుస

ఆ ఉదయం సెలీన్ అనుకున్నది ఒక్కటే: ముందు బడి యూనిఫాంల గుడ్డ కత్తిరించాలి. మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ పని చూడటానికి వస్తారు. ఆ పని చేజారితే కొత్తగా పెట్టిన కుట్టుసంఘం మూతపడుతుంది. బంగారు గని మూతపడ్డాక ఊరిగాంలో సగం మంది బెంగళూరు రైలెక్కారు; తనతో ఉన్న ఇద్దరూ ఎక్కేస్తారేమోనని ఆమె బెంగ. అందుకే ఆ ఇద్దరిలో ఎవరినీ కాదనలేక, గృహప్రవేశం రవికలు తెచ్చిన రామక్కకూ, చర్చి పాటగాళ్ల అంగీలు తెచ్చిన ఎస్తరమ్మకూ "మీదే ముందు" అని చెప్పి ఉంది. కత్తిరించే బల్ల మాత్రం ఒకటే.

నీళ్లు రాక ఖాళీగా పడి ఉన్న మూడు బిందెల్లో ఒక్కో పని గుడ్డ వేసి, వరండాలో వరుసగా పెట్టింది. బడిది ముందు.

"కొళాయికాడ మాదిరే. యా బిందె ముందుంటే ఆ పని ముందు."

"అట్లే కానీ," అన్నారిద్దరూ.

కొళాయి దగ్గర పెరిగినవాళ్లకు వరుసంటే ఏమిటో తెలుసు. సెలీన్ టీ పెట్టడానికి వెళ్లగానే రామక్క తన బిందెను ముందుకు జరిపింది. రామక్క దారం కోసం వెళ్లగానే ఎస్తరమ్మ తనదాన్ని అంతకన్నా ముందు పెట్టింది. బడి బిందె వెనకబడిందని సెలీన్ దాన్ని మెట్టు దింపింది. అలా పోటీపడి వరుస వీధిలోకి చేరింది.

ఎదురింటి చిక్కమ్మ చూసింది. "నీళ్లొస్తాయని ఒక మాటన్నా చెప్పినారా చూడు" అంటూ తన బిందెలు తెచ్చి వెనక పెట్టింది. కాసేపట్లో వీధంతా బిందెలే. పక్క వీధికి పోతున్న నీళ్ల ట్యాంకరుకు దారి లేకపోయింది.

"ఈ వీధికి రేపు కదమ్మా," అన్నాడు డ్రైవరు ఆవులప్ప.

"రేపటి సంగతి రేపు. ఇంగ పైపు ఇట్లియ్యప్పా," అని చిక్కమ్మ లాక్కుని, మర్యాదగా ముందున్న బిందెల నుంచే మొదలుపెట్టింది.

సెలీన్ పరుగెత్తుకొచ్చేసరికి గుడ్డలున్న మూడు బిందెలూ నిండి పొర్లుతున్నాయి.

"పోనీలే, అందరిదీ ఒకేసారి అయిపోయె," అంది ఎస్తరమ్మ.

గుడ్డలు కంచెమీద వేస్తుండగానే హెడ్‌మిస్ట్రెస్ దిగారు. "ఇదేంది?"

"నానేసినామమ్మా," అంది రామక్క, రవిక గుడ్డ పిండుతూ.

"పోయినేడు టైలరు తడపకుండానే కత్తిరించినాడు. ఒక్క ఉతుక్కే పిల్లోళ్ల నిక్కర్లు తొడలమీదికెక్కె. మీకన్నా తెలిసింది. మిగతా తరగతులవీ మీరే కుట్టండి," అన్నారు హెడ్‌మిస్ట్రెస్.

ఆమె వెళ్లాక ముగ్గురూ కంచెవైపు చూశారు. ఏ పని ముందన్న తగువు ఆ పూటకు తీరింది. ముందు ఆరాలి.