మూతి తగలకుండా సీసాడు నీళ్ళు

సైకిలు తొక్కుతూ, సీసా మూతికి తగలకుండా నీళ్ళు ఎత్తి పోసుకొని తాగడం మీలో ఎవరైనా ప్రయత్నించారా? వద్దు. మావారు ప్రయత్నించారు. తప్పు నాదే.

పెద్ద యుద్ధం మొదలవడానికి ముందు సంవత్సరం. నాంపల్లి స్టేషన్ వెనుక గల్లీలో మా కాపురం. మావారు ఆబిడ్స్‌లో ఒక నిజాం సర్కారీ దఫ్తరులో గుమాస్తా; వారానికి సెలవు శుక్రవారమే. ఒక శనివారం అన్నం తింటూ చల్లగా చెప్పారు.

"శుక్రవారం సెలవుగద. నేను, హెర్బర్టు సైకిళ్ళ మీద గండిపేట చెరువుకు పోతున్నం. పొద్దున పోయి సాయంత్రం వస్తం."

హెర్బర్టు గారు ఆయన దోస్తు. పోయి వస్తామన్న మాట నాకు పడదు. మా అన్న కూడా ఈ స్టేషన్‌లోనే రైలెక్కి "మంగళవారం వస్త" అన్నాడు. ఏ మంగళవారమో చెప్పలేదు. అప్పటినుంచి మావారు తపాలా డబ్బాదాకా వెళ్ళినా నేను గుమ్మంలోనే నిలబడేదాన్ని.

వద్దంటే మగవాళ్ళు వెళ్ళి తీరుతారు. అందుకని వద్దనలేదు.

"పదమూడు మైళ్ళు. దప్పికైతే?"

"దిగి తాగుత."

"దిగితే హెర్బర్టు గారు ముందుకు పోతరు, మీరు ఒంటరైతరు. దిగొద్దు. సైకిలు మీదనే తాగాలె."

"తాగుత."

"సీసాకు మూతి పెట్టొద్దు, ఎంగిలి. శుక్రవారంలోపల ఒక సీసాడు నీళ్ళు అట్ల తాగి చూపియ్యుండ్రి. అప్పుడు పోదురు."

ఎత్తి పోసుకోవాలంటే తల పైకెత్తాలి. తల ఎత్తితే రోడ్డు కనపడదు. తాళం వేసి చెవి బావిలో పడేశాననుకొని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆదివారం నీళ్ళు ముక్కులోకి పోయాయి. సోమవారం చెవిలోకి. దఫ్తరులో పెద్ద గుమాస్తా అడిగాడట: "ఏందయ్యా, నాంపల్లిలనే వాన పడుతున్నదా?"

మంగళవారం గల్లీలో పడుకున్న బర్రె మీదికి పోయారు. బర్రె లేచి పక్కకు జరిగింది. ఇద్దరిలో దానికే రోడ్డు కనపడింది. గల్లీవాళ్ళు ఆయనకు 'ఆకాశం పంతులు' అని పేరు పెట్టారు.

బుధవారం ఆబిడ్స్‌లో సైకిలుతో సహా ఒక దర్జీ దుకాణంలోకి వెళ్ళారు. దర్జీ పాపం, బేరం వచ్చిందని టేపు తీశాడట.

మోకాలికి పసుపు అద్దుతూ అన్నాను, "జర మూతి పెట్టి తాగరాదుండ్రి. నేనేం చూస్తనా?"

"షర్తు షర్తే."

అప్పుడు పట్టుకుంది నాకు భయం. గండిపేటకు పోతే తిరిగి వస్తారో రారో అని నేను పెట్టిన షర్తు, గండిపేట దాకా పోనవసరం లేకుండానే ఆయన్ను తీసుకుపోయేటట్టు ఉంది.

గురువారం సాయంత్రం స్టేషన్ రోడ్డు మీద పరీక్ష. సికిందరాబాదునుంచి హెర్బర్టు గారు సాక్షిగా వచ్చారు. మావారు సైకిలెక్కి, బిరడా పీకి, తల పైకెత్తారు. ఎదురుగా టాంగా!

"తల దించుండ్రి!" అని అరుస్తూ పరుగెత్తాను. కొంగు ఎటు పోయిందో తెలియదు. వెనుకనుంచి క్యారియర్ పట్టుకున్నాను. టాంగా పక్కనుంచి రాసుకుంటూ పోయింది. నేను సీసా లాక్కున్నాను. సైకిలు నెమ్మదించిందిగాని, ఆయన కాలు నేల మీద పెట్టలేదు.

"ఎక్కవే! నేను రోడ్డు చూస్త, నువ్వు నీళ్ళు చూడు!"

ఎక్కానా, ఎక్కాను. ఆయన తల పక్కకు వంచి, ఒక కన్ను రోడ్డు మీదే ఉంచి, నోరు తెరిచారు. నేను భుజం మీదుగా పోశాను. సగం ఆయనకు, సగం నా చీరకు. స్టేషన్‌ముందు కూలీలు చప్పట్లు కొట్టారు.

హెర్బర్టు గారు సీసా తలకిందులు చేసి చూశారు. "వదినా, ఖాళీ."

"నేను పోసిన గద! అది చెల్లది!"

"ఎవరు పొయ్యాలెనో నువ్వు చెప్పలే," అన్నారు మావారు. "దిగొద్దంటివి, దిగలే. మూతి పెట్టొద్దంటివి, పెట్టలే."

"సరే. పోండ్రి."

"ఒక్కణ్ణి ఎట్ల పోత? పోసేటోళ్ళు వద్దా?"

దిగబోతూ చూశాను. కోపంతో ఇన్నాళ్ళు ఆ సైకిలు వంక చూడనైనా లేదు. క్యారియర్ మీద బొంత మడిచి, తాడుతో గట్టిగా కట్టి ఉంది. తాడు అప్పటికే మాసిపోయింది.

"ఇది ఎప్పుడు కట్టిన్రు?"

"ఆదివారం."

"అంటే మొదటి దినమే!"

"నడిబజార్ల సైకిలెక్కుమని అడిగితే ఎక్కుదువా?"

"మరి బర్రె? దర్జీ?"

ఆయన మోకాలు తడుముకున్నారు. "అవి మాత్రం నిజంగనే అయినయి."

మరునాడు గండిపేటకు పోయాం. చెరువు ఎలా ఉందని ఇప్పటికీ అడుగుతారు. నేనేం చూశాను? పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కళ్ళు మూసుకొని, ఆయన అంగీని రెండు చేతులా పట్టుకునే ఉన్నాను. పాపం, దారి పొడుగునా ఆయనకు ఒక్క చుక్క నీళ్ళు పోసినవాళ్ళు లేరు.