చిన్ని డ్యూటీ, నాగదుర్గ చీపురు

గురువారం పొద్దున్న ఆరింటికి కాఫీ కప్పు పట్టుకుని నాగదుర్గ ఆ రోజు పనులన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. చిన్నిని ఏడుంబావుకల్లా బడి గేటు దాటించాలి. వచ్చి కర్టెన్లు ఉతకాలి, ఫ్రిజ్ కడగాలి, మూడింటికి మళ్ళీ వెళ్ళి చిన్నిని తెచ్చుకోవాలి. పనిమీద చైనా వెళ్ళిన చిన్ని వాళ్ళమ్మ లిన్ మేడం ఆదివారం తిరిగొస్తుంది. ఆవిడ వచ్చేసరికి ఇల్లు అద్దంలా మెరవాలి. ఇంతకుమించి ఆ రోజుకి నాగదుర్గ ప్లానులో ఏమీ లేదు.

చిన్ని అసలు పేరు శిన్‌యీ. ఐదేళ్ళప్పుడు నాగదుర్గ చేతికొచ్చింది, ఇప్పుడు ఎనిమిది. అమలాపురం పక్క పల్లె నుంచి దుబాయ్ వచ్చిన నాగదుర్గకి ఈ మూడేళ్ళలో చైనీసు ముక్క అంటలేదు గానీ, చిన్నికి మాత్రం తెలుగు వచ్చేసింది. మామూలు తెలుగు కాదు, అచ్చంగా కోనసీమ తెలుగు.

ఇక బడి సంగతి. అది దుబాయ్‌లో చైనా వాళ్ళు పెట్టుకున్న బడి. ఏడున్నరకి గేటు మూస్తారు. గేటు దగ్గర టీచరమ్మ నిలబడి గోళ్ళు చూస్తుంది, జడ చూస్తుంది, నీళ్ళ సీసా చూస్తుంది. పాట పెట్టగానే పిల్లలంతా వరసల్లో నిలబడి ఒళ్ళు వంచాలి. పదింటికి కళ్ళు మూసుకుని కనుబొమల చుట్టూ వేళ్ళతో రుద్దుకోవాలి, చూపు పాడవకుండానట. అన్నం తిన్నాక బల్ల మీద తల పెట్టి నిద్రపోవాలి. నిద్ర రాకపోయినా సరే, పోవాల్సిందే! విన్నవాళ్ళు "అమ్మో, అది బడా, జైలా" అంటారు. నాగదుర్గకి మాత్రం ఆ రూళ్ళంటే ఒళ్ళంతా గర్వం. మూడేళ్ళలో చిన్ని ఒక్కరోజు లేటు కాలేదు, ఒక్కరోజు గోరు మాసి గేటు దగ్గర ఆగలేదు. అదంతా ఎవరి చలవ మరి?

పక్క ఫ్లాటులో పనిచేసే వజీరాబీ ఆ రోజు లిఫ్టులో కలిసింది. "మా బాబు ఇస్కూల్లో గుర్రం ఎక్కిస్తారు తెల్సా?" అంది.

"మా చిన్ని బడిలో నిమిషం లేటైతే గేటే ఎక్కనివ్వరు," అంది నాగదుర్గ. "పైగా ఇయ్యాల మా పిల్లకి డ్యూటీ. లీడరు!"

"ఏం డ్యూటీ?"

నాగదుర్గకి తెలిస్తే కదా. మూడో తరగతి నుంచే ఈ డ్యూటీలు మొదలని, చిన్ని వంతు రావడం ఇదే మొదటిసారని మాత్రం తెలుసు. సాయంత్రం పై తరగతి పిల్లలొచ్చి తనిఖీ చేస్తారట. అందులో నెగ్గితే సోమవారం మీటింగులో చేతికి ఎర్రపట్టీ కట్టుకుని చిన్ని స్టేజీ ఎక్కుతుంది, వాళ్ళమ్మ కిందనుంచి చూస్తుంది. పిల్ల నెల రోజులుగా ఇదే కలవరింత. డ్యూటీ అంటే ఈల వేసి వరసలు సరిచేయడం కాబోలని నాగదుర్గ తనకు తానే ఖాయం చేసేసుకుంది.

మధ్యాహ్నం రెండింటికి ఇస్త్రీ బల్ల మీద మడత పెట్టిన నీలం గుడ్డ కనబడింది. చిన్ని డ్యూటీకి తెమ్మన్న గుడ్డ, లీడరు మెడకి కట్టుకునేదని నాగదుర్గ లెక్క! రాత్రి తనే ఉతికి, ఇస్త్రీ చేసి, పొద్దున్న బ్యాగులో పెట్టడం మరిచిపోయింది. మరిచిపోయిన వస్తువులు బడికి తెచ్చివ్వకూడదని కూడా ఒక రూలుంది. అది పిల్ల మరిచిపోతే కదా, మరిచింది తనాయె. నాగదుర్గ చెప్పులేసుకుని పరుగు అందుకుంది.

గేటు కాపలా కడప ఖాదర్ హుస్సేన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "మూడు గాకుండా లోపలికి పోకూడదు మ్మా. ముదీర్ సూస్తే నా ఉద్యోగం ఖలాస్." దుబాయ్‌లో ముదీర్ అంటే మేనేజరు.

"రెండు నిమిషాలన్నా. గుడ్డ ఇచ్చేసి వచ్చేత్తాను. పిల్ల పరువు పోద్ది, నీకు పుణ్యముంటది!"

పరువు మాట వినగానే ఖాదర్ హుస్సేన్ మెత్తబడి, "యల్లా, బిన్నె పోయి రా," అని వదిలాడు.

నాగదుర్గ మూడో తరగతి గదిలోకి తొంగిచూసింది. టీచరు లేదు. పిల్లలు లేరు. గది మధ్యలో చిన్ని ఒక్కతే మోకాళ్ళ మీద కూర్చుని నేల తుడుస్తోంది. జుట్టు మొహం మీద పడింది, బుగ్గ మీద మసి.

నాగదుర్గ చదివింది ఐదో తరగతి. ఆ ఐదేళ్ళూ బడి ఊడ్చే పని ఆమెదీ, ఆమెలాంటి ఇంకో ఇద్దరు ఆడపిల్లలదీ. సర్పంచి మనవడు బల్ల మీద కాళ్ళూపుకుంటూ, "అక్కడ ఇంకా ఉంది, ఇక్కడ ఇంకా ఉంది," అని వేలు చూపించేవాడు. ఆ వేలు ఆమెకి ఇప్పటికీ గుర్తే. గుడ్డ తేలేదని పిల్లకి శిక్ష వేశారన్నమాట, అదీ తన మూలంగా!

"నేను బతికుండగా నీ సేత నేల తుడిపిత్తారా? లే!" అంది.

"వద్దు దుర్గమ్మా, ఇది నా..."

"లేమంటే లే!" పిల్లని ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టి, కొంగు బిగించింది. పది నిమిషాలు, అంతే. ఊడ్చింది, తుడిచింది, కిటికీలు తోమింది, నల్లబల్ల కడిగింది, ఫ్యాను రెక్కలు కూడా వదల్లేదు. చిన్ని బల్ల మీద నుంచి చైనీసులో, తెలుగులో ఏడుస్తూనే ఉంది. శిక్ష పడినందుకు ఏడుస్తోందనుకుని నాగదుర్గ ఇంకా గట్టిగా తోమింది.

అప్పటికి మూడైంది. పిల్లల కోసం వచ్చిన ఆయాలు వరండాలోకి చేరారు. ఈ ఊడ్పు చూసి, పక్క గదిలో తమ పిల్లలు కూడా చీపుళ్ళు పట్టుకుని ఉండటం చూసి, వాళ్ళకీ పౌరుషం పొడుచుకొచ్చింది. శ్రీలంక ఆవిడ ఒక గదిలోకి, ఫిలిప్పీన్స్ ఆవిడ ఇంకో గదిలోకి దూరారు. ఐదు నిమిషాల్లో మూడో తరగతి మూడు సెక్షన్లూ తళతళలాడాయి. బకెట్లతో నీళ్ళు తేవడానికి వెళ్ళిన చిన్ని జట్టు పిల్లలు తిరిగొచ్చి, చేసేందుకు పనేమీ లేక గుమ్మంలో నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు.

వాళ్ళ వెనకే వచ్చింది తనిఖీ. ఐదో తరగతి పిల్ల, రెండు జడలు, చేతికి తెల్ల గ్లౌజు, చంకలో పుస్తకం. కిటికీ అంచు మీద వేలు రాసి చూసింది. వేలికి ఏమీ అంటలేదు. ఫ్యాను వైపు చూసింది. తరవాత చెమటలు కారుతున్న నాగదుర్గ వైపు చూసి, పుస్తకంలో గుండ్రంగా ఏదో గీసింది.

"ఏం రాసిందే? నూటికి నూరేనా?" అంది నాగదుర్గ.

"సున్నా!" అని చిన్ని భోరుమంది. "పెద్దోళ్ళు చేస్తే సున్నా అండి దుర్గమ్మా! ఇది శిక్ష కాదు, డ్యూటీ! నేనే లీడర్ని! నాకు పట్టీ రాదు, మా అమ్మ చూడదు!"

అప్పుడే మీటింగు నుంచి వచ్చిన వాంగ్ టీచరు విషయం విని, గొంతు పెంచకుండా నాలుగు మాటలు చెప్పింది. చిన్ని వెక్కుతూ తెలుగు చేసింది. ఈ బడిలో గది ఊడ్చేది పిల్లలే. వంతులవారీగా అందరూ చేయాల్సిందే, ఎవరికీ మినహాయింపు లేదు. పక్క రెండు సెక్షన్లకీ సున్నాలే.

నాగదుర్గ అప్పుడు సరిగ్గా చూసింది. బకెట్ మోసుకొచ్చినవాడు ఓడల కంపెనీ ముదీర్ కొడుకు. వాడి పక్కన చీపురు పట్టుకున్నది హోటల్ వంటవాడి కూతురు. వేలు చూపించేవాడు ఒక్కడూ లేడు. ఎంత గొప్ప పనిని తన చేతులారా పాడు చేసింది! పిల్ల నెల రోజుల కలని పది నిమిషాల్లో తుడిచేసింది.

"టీచరుగారూ, తప్పు నాది. నేను తుడిచాననే కదా సున్నా? తుడవనట్టే చేసేత్తాను," అని టీచరు అడ్డుకునేలోగా బకెట్ పట్టుకుని బయటికి పరుగెత్తింది. వెనక మిగతా ఆయాలు కూడా పరుగెత్తారు. ఆటస్థలంలో లాంగ్‌జంపు గుంట ఉంది. అందులో ఎడారి దేశపు మెత్తటి ఇసుక, కావలసినంత. ఆరు బకెట్లు మూడు గదుల్లో కుమ్మరించారు. నేల ఇంకా తడిగా ఉందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పైన ఏసీ గాలి, కింద తడి. సగం ఇసుక బురదైంది, సగం వరండా అంతా ఎగిరింది. ఆ వరండాలోకే ప్రిన్సిపాల్‌గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ వచ్చారు.

బయట బస్సులు హారన్ కొడుతున్నాయి. డ్యూటీ పూర్తి కాకుండా పిల్లలు కదలకూడదని రూలు. ఖాదర్ హుస్సేన్ తలుపు దగ్గర నుంచి, "రెండు నిమిషాలంటివి కద మ్మా!" అని తల పట్టుకున్నాడు. తన ఉద్యోగం ఇక పోయినట్టేనని నాగదుర్గ అనుకుంది. పోతే పోయింది, పిల్లకి పట్టీ వస్తే చాలు. "సిన్నీ," అంది, "పుస్తకంలో పెద్దోళ్ళు ఊడిస్తే సున్నా అనుంది. పెద్దోళ్ళు సెత్త పోస్తే ఏముందో అడుగు."

చిన్ని అడిగింది. రెండు జడల పిల్ల పుస్తకం ముందుకి తిప్పింది, వెనక్కి తిప్పింది. టీచరుకి చూపించింది. టీచరు ప్రిన్సిపాల్‌కి చూపించింది. అలాంటి రూలు ఎక్కడా లేదు. చెత్త ఎవరు వేశారన్నది పుస్తకానికి అనవసరం, ఎవరు తీశారన్నదే ముఖ్యం. ప్రిన్సిపాల్‌గారు గడియారం చూసి, ఇరవై నిమిషాలు అన్నట్టు రెండు చేతుల వేళ్ళూ రెండుసార్లు చూపించారు.

నాగదుర్గ గుమ్మం బయట, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. "సిన్నీ! తడి గుడ్డ ముట్టుకోవద్దు. బురద ముందు అట్టముక్కతో గీకండి. పొడి ఇసుక మూల నుంచి గుమ్మానికి లాగండి. చీపురు పైకి లేపకూడదు, లేపితే దుమ్ము లెగుద్ది. ఎనక్కి నడుత్తూ తుడవండి, తుడిసిన సోట కాలెట్టొద్దు!"

చిన్ని కన్నీళ్ళు తుడుచుకుని, ఆ మాటలు చైనీసులోకి మార్చి అరవడం మొదలుపెట్టింది. మిగతా ఆయాలు కూడా తమ గుమ్మాల్లో చేతులు కట్టుకుని అదే పాఠం అందుకున్నారు. ముదీర్ కొడుకు అట్టముక్కతో బురద గీకాడు. వంటవాడి కూతురు గుడ్డ పిండింది. లీడరు చిన్ని నడుం మీద చెయ్యేసుకుని ఆజ్ఞలివ్వలేదు, అందరికంటే ముందు తనే మోకాళ్ళ మీద కూర్చుని తుడిచింది. తుడిచేటప్పుడు గుడ్డ మడత పెట్టే తీరు అచ్చం నాగదుర్గదే. అది చూసి నాగదుర్గకి కళ్ళు నిండాయి. తన చేతిపని ఎవరికైనా వస్తే బాగుండునని ఆమె ఎన్నడూ అనుకోలేదు, ఇన్నాళ్ళూ అది పనే గాని విద్య అనుకోలేదు మరి.

పద్దెనిమిది నిమిషాలు. రెండు జడల పిల్ల గ్లౌజు మార్చుకుని కిటికీ, బల్ల, నేల, గుమ్మం, అన్నీ రాసి చూసింది. పుస్తకంలో సున్నా కొట్టేసి తొంభై ఎనిమిది వేసింది. ఆ రెండూ ఎందుకు తగ్గాయంటే, లీడరు బుగ్గ మీద మసి ఉందట.

సోమవారం మీటింగులో శిన్‌యీ చేతికి ఎర్రపట్టీ కట్టుకుని స్టేజీ ఎక్కింది. ముందు వరసలో లిన్ మేడం ఫోను పట్టుకుని వీడియో తీస్తూ కళ్ళు తుడుచుకుంది. చివరి వరసలో నాగదుర్గ, మేడం తీయని మూలల నుంచి కూడా తనే తీసేసుకుంది. అప్పుడు ప్రిన్సిపాల్‌గారు మైకు అందుకుని కాగితం చదివారు. హాలంతా ఘొల్లుమంది. లిన్ మేడం మాత్రం మెల్లగా వెనక్కి తిరిగి నాగదుర్గ వైపు చూసింది.

చిన్ని దిగొచ్చాక, "ఏం సదివారే?" అనడిగింది నాగదుర్గ.

"కొత్త రూలండి. పిల్లల పని పెద్దోళ్ళు చేయకూడదు. చేసేసినా, మళ్ళీ పాడు చేసి పిల్లలకి ఇవ్వకూడదు. నీ కోసమే పెట్టారు దుర్గమ్మా!"

"నా కోసమే?" అంది నాగదుర్గ. "ఇంత పెద్ద బడి, నా ఒక్కదాని కోసం?" ఆమె వెన్ను నిటారుగా అయింది. మేడం ఏదో అడగబోయి, ఆ మొహం చూసి నవ్వేసింది.

కొత్త రూలు చదివి ఒప్పుకున్నట్టు పెద్దలంతా సంతకాలు పెట్టాలన్నారు. నాగదుర్గ అందరికంటే ముందు నిలబడి ఇంటిపేరు, పూర్తి పేరు, ఊరు, మండలం, జిల్లాతో సహా తెలుగులో గుండ్రంగా రాయడంతో, లిన్ మేడం సంతకానికి రెండో కాగితం తేవలసి వచ్చింది.