పడుకోని యోగా పంతులు

తిట్లు లేని ఇంట్లో నాలుగు రోజులు కాపురం చేసి చూడండి, నా బాధేమిటో మీకే తెలుస్తుంది.

మా అమ్మకీ మా ఆవిడ సారలమ్మకీ మా పెళ్లయిన మర్నాటి నుంచే పడేది కాదు. చారులో ఉప్పు దగ్గర మొదలయ్యే గొడవ, మా పెళ్లి భోజనాల్లో తక్కువైన పెరుగు దాకా వెళ్లేది. నాచారంలో మా గల్లీ వాళ్లు పొద్దున అలారం పెట్టుకునేవాళ్లు కాదు. సర్దిచెబుదామని నేను మధ్యలోకి వెళితే ఇద్దరూ ఒక్కటై నన్ను తిట్టేవాళ్లు. హాయిగా ఉండేది.

ఎండాకాలంలో అమ్మ పోయింది. ఆ రోజు నుంచి సారలమ్మ నోరు మూతపడింది. అన్నం పెడుతుంది, నీళ్లు ఇస్తుంది, హాల్లో అమ్మ మంచం ఉండే మూలకేసి చూస్తూ కూర్చుంటుంది. ఒకరోజు ఎవరూ చూడకుండా చారులో గుప్పెడు ఉప్పు నేనే ఒంపాను. కిక్కురుమనకుండా తినేసింది. నాకు భయం పట్టుకుంది.

ఫ్యాక్టరీ స్టోర్స్‌లో నా పక్క కుర్చీలో రాజయ్యన్న కూర్చుంటాడు. ఆయనకు చెప్పుకున్నాను.

"ఫికర్ జెయ్యకు కొమురెల్లీ. నీతోని కాని పని ఒకటి పట్టుకో. ఏ ఆడామె ఊకుంటది?" అన్నాడు.

నా పొట్ట సంగతి మీకు చెప్పలేదు. నా పాదాలు నేను చూసుకుని ఏళ్లయింది. అందుకని వెళ్లి ఉప్పల్‌లో యోగా టీచర్ ట్రైనింగ్‌లో చేరాను.

"సారలా, నెల సెలవు పెట్టిన. యోగా పంతులనైతున్న."

"మంచిది."

"తెల్లారక ముందే పోవాలె. నువ్వు గూడ లేవాలె."

"లేస్త."

"కారం బంద్. ఉల్లిగడ్డ బంద్. మొలకలే తింట."

"నానబెడత."

తిడుతుందని కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆవిడ పెసళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది.

మా గురువు పేరు ఫణీంద్ర. కూర్చున్నా నించున్నా గోడకు కొట్టిన మేకులా నిటారుగా ఉంటాడని మేం వెన్నెముక ఫణీంద్ర అని పేరు పెట్టుకున్నాం. "గాలి పీలుస్తూ చేతులు పైకండీ కొమురెల్లిగారూ" అనేవాడు. నేను ఎత్తేవాణ్ని. చొక్కా గుండీ ఎగిరి ముందు వరసలో పడేది. ఒకరోజు ఉప్పునీళ్లు ముక్కులో ఒకవైపు నుంచి పోసి రెండోవైపు నుంచి రప్పించమన్నారు. నాకు నోట్లోంచీ కళ్లలోంచీ కూడా వచ్చాయి. అమ్మ పోయాక నా కళ్లు తడవడం అదే మొదటిసారి.

బంద్ అని బస్సులు తిరగని రోజు కూడా హబ్సిగూడ మీదుగా నడిచి వెళ్లి, కుంటుకుంటూ ఇంటికొచ్చాను. సారలమ్మ వేడినీళ్లు పెట్టి ఇచ్చింది.

ట్రైనింగ్ సగానికొచ్చాక, ఇంట్లో ఒకరిని శిష్యులుగా పెట్టుకుని పాఠం చెప్పాలన్నారు. ఆఖరి రోజున ఆ శిష్యుణ్ని తీసుకొచ్చి గురువు ముందు క్లాసు చెప్పాలి, అదే పరీక్ష. నా శిష్యురాలు ఎవరో చెప్పనక్కర్లేదు. హాల్లో ఖాళీ ఉన్నది అమ్మ మంచం తీసేసిన మూల ఒక్కటే. సారలమ్మే అక్కడ చాప పరుచుకునేది. నేను గడప దగ్గర నిలబడి చెప్పేవాణ్ని. ఆవిడ ఒక్క వంగుడులో పాదాలు పట్టుకునేది, నేను తలుపు పట్టుకునేవాణ్ని. కావాలని కుడికాలును ఎడమకాలన్నాను. అయినా తిట్టలేదు.

ఏ క్లాసయినా శవాసనంతో ముగించాలి. వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, ఒళ్లంతా వదిలేయాలి. నేను మాత్రం అది రాకముందే "ఇగ చాలు, చాయ్ పెట్టు" అనేవాణ్ని. పోయిన రోజు ఆ మూలలోనే అమ్మను చాప మీద పడుకోబెట్టారు. అక్కడ పడుకోమంటే సారలమ్మ తట్టుకోలేదు పాపం అనుకున్నాను.

పరీక్ష రోజు నా నోరు బాగానే తిరిగింది. అంతా అయ్యాక చేతులు జోడించాను.

"ఆఖరి ఆసనం ఏదండీ?" అన్నాడు ఫణీంద్ర. "అది లేకపోతే క్లాసు పూర్తయినట్టు కాదు."

"ఇంట్ల చావైంది సార్. మా ఆమె తట్టుకోదు," అన్నాను గొంతు తగ్గించి.

సారలమ్మ చాప మీంచి లేచింది.

"తట్టుకోనిది నేనా? అత్తమ్మ పోయినప్పటి సంది నువ్వు ఆ మూలకు ఒక్క అడుగు ఏసినవా? నన్ను ఆడ నిలబెట్టి, నువ్వేమో తలుపు పట్టుకొని పాఠాలు జెప్పినవు. సావుకొచ్చినోళ్లకు చాయ్‌లు పోసినవు, టెంటోనికి తాడు పట్టినవు. నీ కంట్ల చుక్క నీళ్లు రాలే."

"సారలా, గురువుగారున్నరు."

"ఉండనియ్. నేను నోరు తెరిస్తే నాకు ఏడుపొస్తది. నేనేడిస్తే నువ్వు నన్ను ఓదార్సుకుంట నీది మింగుతవు. అందుకే ఎప్పుడేడుస్తవో అని నోరు మూసుకొని సూస్తున్న. నువ్వేమో ముక్కుల నీళ్లు పోసుకుంటున్నవు."

వెనక వరసలో ఎవరో నవ్వారు. నాకూ నవ్వొచ్చి సగంలో ఆగిపోయింది.

"పండు," అంది చాప చూపించి.

"పంతుల్ని నేను గదా."

"పండుమన్ననా లేదా? పొట్ట జూడు, గోలెం లెక్క. మంచి మాట జెప్తే ఎన్నడన్న ఇన్నవా? అత్తమ్మ పెంపకం గట్లున్నది మరి."

అన్నాళ్లుగా నేను ఎదురుచూసిన తిట్టు అదే. అయితే పెంపకం మాటెత్తితే అమ్మ ఊరుకునేది కాదు. మంచం మీంచి లేవకుండానే "నీ అవ్వ నిన్ను పెంచింది సక్కగ" అని అందుకునేది. నేను అలవాటు కొద్దీ ఆ జవాబు కోసం ఆగాను. ఎవరూ అందుకోలేదు. అమ్మ లేదని నాకు అప్పుడు తెలిసింది.

చాప మీద పడుకున్నాను. సారలమ్మ నా తల దగ్గర కూర్చుంది.

"కాళ్లు ఇడిశిపెట్టు. చేతులు ఇడిశిపెట్టు. ఇగ ఏడువు," అంది.

వెల్లకిలా పడుకుని ఏడిస్తే కన్నీళ్లు చెవుల్లోకి పోతాయి. ఆ సంగతి ట్రైనింగ్‌లో చెప్పలేదు.

నేను పరీక్ష తప్పాను. శిష్యురాలిని మాత్రం వచ్చే నెల కోర్సుకు పంపమన్నాడు ఫణీంద్ర. ఇప్పుడు మా కాలనీలో పొద్దున్నే యోగా చెప్పేది సారలమ్మ. చాపలు పరిచేది నేను. వంకరగా పరిచానని అందరి ముందూ తిడుతుంది. మధ్యలో ఎప్పుడైనా అత్తమ్మ పెంపకం మాట వస్తే, ఇద్దరం కాసేపు ఆగుతాం. అమ్మ నుంచి జవాబు రాదని తెలిశాక, ఆవిడ మళ్లీ తిట్లు అందుకుంటుంది.